'ఆబ్వియస్లీ': అర్థం, వాడుక, పొరపాట్లు – తరచుగా అడిగే ప్రశ్నలు

మ్యాచ్ అయ్యాక మైకు ముందుకొచ్చిన క్రికెట్ కెప్టెన్ నోట, ఆఫీసు మీటింగులో, ఇంటర్ లెక్కల క్లాసులో, చివరికి తెలుగులోనే కబుర్లాడుకుంటున్న ఇద్దరు స్నేహితుల మధ్యన కూడా వినబడే ఇంగ్లీషు మాట 'ఆబ్వియస్లీ'. దాని అర్థం తెలియనివాళ్లు తక్కువే. ఎక్కడ వాడితే అతుకుతుంది, ఎక్కడ వాడితే ఎదుటివారిని నొప్పిస్తుంది అన్నది మాత్రం డిక్షనరీ చూస్తే తేలదు. తెలుగు మీడియంలో చదువుకుని, ఉద్యోగంలోనో పైచదువుల్లోనో ఇంగ్లీషుతో నెగ్గుకు రావాల్సినవాళ్లను మనసులో పెట్టుకుని ఈ జవాబులు రాశాను.

అసలు ఈ మాటకు అర్థం ఏమిటి?

'చూడగానే తెలిసిపోయేలా', 'వేరే చెప్పనక్కర్లేకుండా' అని. ఒక సంగతి చెబుతూనే "ఇందులో నేను చెప్పేదేముంది, నీకూ కనబడుతూనే ఉందిగా" అని పక్కన చేర్చడమన్నమాట. ముంజేతి కంకణానికి అద్దమెందుకు అని మన పెద్దలు అన్నది ఇలాంటి సందర్భాల్లోనే.

పైన చెప్పినదాంట్లో 'నీకూ' అన్న ముక్కను గట్టిగా పట్టుకోండి. 'డెఫినిట్లీ' అన్నప్పుడు నా నమ్మకం ఎంత గట్టిదో చెబుతున్నాను. 'ఆబ్వియస్లీ' అన్నప్పుడు వినేవాడిని కూడా లోపలికి లాక్కుంటున్నాను, అతనికీ ఇది తెలుసని అతని తరఫున నేనే చెప్పేస్తున్నాను. నిజంగా అతనికి తెలిస్తే ఇద్దరం ఒకే వైపు నిలబడ్డట్టు ఉంటుంది. తెలియకపోతే అతన్ని వెనక్కి నెట్టినట్టు ఉంటుంది. కింద వచ్చే జవాబుల్లో చాలావాటికి మూలం ఇదే.

ఇంగ్లీషులోకి ఎక్కడి నుంచి వచ్చింది?

లాటిన్ నుంచి. 'ఆబ్' అంటే ఎదురుగా, 'వియా' అంటే దారి. దారిలో మనకు ఎదురుపడేదాన్ని ఆ రెండూ కలిపి 'ఆబ్వియుస్' అన్నారు. ఇంగ్లీషులో 'ఆబ్వియస్' 16వ శతాబ్దం రెండో సగం నుంచి కనిపిస్తోంది. ఆర్టీసీ బస్సు బోర్డు మీద 'వయా సూర్యాపేట' అని రాస్తారే, ఆ 'వయా' కూడా ఈ 'వియా'నే. తెలుగులో "ఎదురుగా కనబడుతుంటే ఇంకా అడుగుతావేమిటి" అంటాం. ఎదురు అన్న ఊహ రెండు భాషల్లోనూ ఒకే పనికి వచ్చింది.

ఎలా పలకాలి? స్పెల్లింగ్ గుర్తుపెట్టుకోవడం ఎలా?

నాలుగు ముక్కలు: ఆబ్–వి–అస్–లి. ఒత్తు మొదటి ముక్క మీదే. అమెరికన్లు దాన్ని మన 'ఆ'కు దగ్గరగా పలుకుతారు. బ్రిటిషర్ల నోట అది 'ఆ'కూ 'ఒ'కూ మధ్యలో, పెదాలు కాస్త గుండ్రంగా చేసి పలికే పొట్టి శబ్దం. తెలుగులో రాసేటప్పుడు చివర 'లీ' అని దీర్ఘం ఇస్తాం గానీ పలికేటప్పుడు దాన్ని సాగదీయక్కర్లేదు. తొందరలో 'బ్' జారిపోయి 'ఆవియస్లీ' అవుతుంటుంది. ఇంటర్వ్యూల్లోనూ ఫోన్‌లోనూ ఆ 'బ్' వినబడేలా చూసుకుంటే చాలు.

స్పెల్లింగ్‌లో తొమ్మిది అక్షరాలు: ఓ, బీ, వీ, ఐ, ఓ, యూ, ఎస్, ఎల్, వై. రాసేటప్పుడు ఎగిరిపోయేవి మధ్యలోని ఐ, యూ. ముందు 'ఆబ్వియస్' పూర్తిగా రాసి, దాని తోకకు ఎల్, వై తగిలించే అలవాటు చేసుకుంటే ఈ తప్పు రాదు.

తెలుగులో దీనికి సరైన మాట ఏది?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. డిక్షనరీలు 'స్పష్టంగా' అని ఇచ్చి ఊరుకుంటాయి. అది చాలా చోట్ల పనికిరాదు. 'స్పష్టంగా మాట్లాడు' అన్నదాన్ని 'స్పీక్ ఆబ్వియస్లీ' అనలేం, 'స్పీక్ క్లియర్లీ' అనాలి. అటు నుంచి చూసినా అంతే. 'ఆబ్వియస్లీ, వీ కాంట్ గో ఇన్ దిస్ రెయిన్' అన్న వాక్యాన్ని "స్పష్టంగా మనం ఈ వర్షంలో వెళ్లలేము" అని రాస్తే అది తెలుగు కాదు. "ఈ వానలో ఎలా వెళ్తాం!" అంటాడు తెలుగువాడు. ఆ 'ఎలా'లోనే ఆబ్వియస్లీ అంతా ఉంది.

తెలుగు ఈ పనిని ఒక్క మాటకు అప్పగించలేదు. సందర్భాన్ని బట్టి పంచిపెట్టింది. ఒక మనిషిని చూసి పోల్చుకున్న సంగతైతే "తెలుస్తూనే ఉంది", "చూస్తేనే తెలియడం లేదూ" అంటాం. 'హీ వాజ్ ఆబ్వియస్లీ టైర్డ్' అంటే "బాగా అలిసిపోయాడని మొహం చూస్తేనే తెలుస్తోంది." ఇద్దరికీ ముందే తెలిసిన విషయమైతే 'ఎలాగూ', 'కదా', 'గా' వస్తాయి: "ఎలాగూ తిరుపతి వెళ్తున్నావుగా, నాకో లడ్డూ పట్రా." జరిగి తీరుతుందనుకున్నది జరిగితే "అనుకున్నదే", "ఇంకేముంది". ఒకరి సంగతి చెప్పనక్కర్లేదు, రెండోవారి సంగతే విశేషం అన్నప్పుడు 'సరేసరి' ఉంది: 'ద చిల్డ్రన్, ఆబ్వియస్లీ, బట్ ఈవెన్ ద గ్రాండ్‌పేరెంట్స్ డాన్స్‌డ్' అన్నదాన్ని "పిల్లల సంగతి సరేసరి, తాతలూ అమ్మమ్మలూ కూడా చిందులేశారు" అంటే ఎంత హాయిగా ఉంటుందో చూడండి. ఒప్పుకోలుగా వాడినప్పుడు "కాదనను", "నిజమే". ఒంటరి జవాబుగా అయితే "మరి!", "వేరే చెప్పాలా". తెలంగాణలో అయితే "మల్ల!", "ఎరికే గదా", "గంతే గదా".

సబ్‌టైటిళ్లు రాసేవాళ్లూ అనువాదాలు చేసేవాళ్లూ ప్రతి ఆబ్వియస్లీకీ 'నిస్సందేహంగా' పెట్టేస్తుంటారు. అలా చేసినప్పుడల్లా పాత్ర నోట్లోంచి మనిషి మాట పోయి ప్రభుత్వ ప్రకటన వస్తుంది. చాలాసార్లు క్రియ చివర ఒక్క 'గా' చేరిస్తే సరిపోతుంది.

వాక్యంలో ఎక్కడ పెట్టాలి?

మొదట్లో పెట్టవచ్చు, అప్పుడు రాతలో దాని తర్వాత కామా ఉండాలి. మధ్యలో పెట్టేటప్పుడు 'ఈజ్, వాజ్, ఆర్' లాంటివి ఉంటే వాటి తర్వాత: 'షీ ఈజ్ ఆబ్వియస్లీ అప్‌సెట్.' 'హావ్, విల్, కెన్' లాంటి సహాయక క్రియ ఉంటే దాని తర్వాత: 'దే హావ్ ఆబ్వియస్లీ లెఫ్ట్.' మామూలు క్రియ ఒక్కటే ఉంటే దాని ముందు: 'హీ ఆబ్వియస్లీ నోస్ ద రోడ్.' క్రియకూ కర్మకూ మధ్య మాత్రం దూర్చకూడదు, 'హీ నోస్ ఆబ్వియస్లీ ద రోడ్' అనకూడదు. మాటల్లో చివర తగిలించడం మామూలే.

చోటు మారితే అర్థం మారే సందర్భం ఒకటుంది. 'ఆబ్వియస్లీ, హీ లైడ్' అంటే అతను అబద్ధం ఆడాడన్న సంగతి మనకు తెలుస్తూనే ఉందని. ఆడేటప్పుడు నేర్పుగానే ఆడి ఉండొచ్చు, తర్వాత బయటపడి ఉండొచ్చు. 'హీ లైడ్ సో ఆబ్వియస్లీ దట్ ఈవెన్ ద చైల్డ్ లాఫ్‌డ్' అంటే ఆడిన తీరే అలా ఉందని, పిల్లాడికి కూడా తెలిసిపోయేలా ఆడాడని. మొదటిదాంట్లో ఆ మాట మొత్తం వాక్యం మీద వాలుతుంది, రెండోదాంట్లో క్రియ మీద. 'సో, టూ, వెరీ, మోర్' లాంటివి దాని ముందు నిరభ్యంతరంగా చేరతాయి.

'నాట్' ముందా, 'ఆబ్వియస్లీ' ముందా?

ఇది బాగా నేర్చుకుని తీరాల్సిన తేడా. 'ఇట్ ఈజ్ ఆబ్వియస్లీ నాట్ రాంగ్' అంటే "అది తప్పు కాదని తెలుస్తూనే ఉంది." 'ఇట్ ఈజ్ నాట్ ఆబ్వియస్లీ రాంగ్' అంటే "పైకి చూస్తే తప్పేమీ కనబడటం లేదు, లోపల ఉందేమో తెలియదు." మొదటిది భరోసా, రెండోది జాగ్రత్త. కోడ్ రివ్యూలో, అంటే మీరు రాసిన ప్రోగ్రాంను ఇంకొకరు పరిశీలించేటప్పుడు, మీ సీనియర్ రెండో వాక్యం రాస్తే ఆమోదించారని సంబరపడకండి, ఇంకోసారి చూడమంటున్నారని అర్థం. ఆడిటర్లూ డాక్టర్లూ ఇలాంటి వాక్యాన్ని ఆచితూచి వాడతారు.

జవాబుగా చెప్పేటప్పుడూ అంతే. 'ఆబ్వియస్లీ నాట్' అంటే "కానే కాదు, అడగాలా?" 'నాట్ ఆబ్వియస్లీ' అంటే "అలాగని గట్టిగా చెప్పలేం."

ప్రశ్నల్లో, ఆజ్ఞల్లో వాడొచ్చా?

సూటి ప్రశ్నలో కుదరదు. 'ఆబ్వియస్లీ, ఈజ్ హీ కమింగ్?' అనరు. తెలిసిందే అంటూ అడగడమేమిటి! 'యూ ఆర్ ఆబ్వియస్లీ కమింగ్?' అని గొంతు చివర్లో పైకి లేపి అడగొచ్చు, అది "వస్తున్నావుగా?" లాంటిది. ఆజ్ఞలకూ అతకదు.

"ఐ విల్ ఆబ్వియస్లీ కమ్ టు యువర్ మ్యారేజ్" తప్పా?

వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. మీరు చెప్పాలనుకున్నది అది కాకపోవచ్చు. మన మనసులో ఉన్నది "తప్పకుండా వస్తాను". దానికి 'డెఫినిట్లీ', లేదా 'ఐ వోంట్ మిస్ ఇట్' సరిపోతాయి. 'ఆబ్వియస్లీ' అంటే "నేను రాకుండా ఎలా ఉంటాను, అదీ చెప్పాలా" అని. ప్రాణస్నేహితుడితో, వేలు విడిచిన బావమరిదితో అంటే చనువుగా, ముద్దుగా ఉంటుంది. పెళ్లికార్డు ఇచ్చిన ఆఫీసు పై అధికారితో అంటే ఆయన పిలవడం అనవసరమన్నట్టు ధ్వనిస్తుంది. తెలుగువాళ్ల ఇంగ్లీషులో ఆబ్వియస్లీ చుట్టూ నేను ఎక్కువగా గమనించిన పొరపాటు ఇదే. మాట ఇవ్వడానికి 'డెఫినిట్లీ', అందరికీ తెలిసిందని చెప్పడానికి 'ఆబ్వియస్లీ'.

ఎవరైనా అడిగినప్పుడు ఒక్క ముక్కలో 'ఆబ్వియస్లీ' అనొచ్చా?

స్నేహితులతో అనండి. మిగతా చోట్ల వద్దు. 'హావ్ యూ సెంట్ ద ఫైల్?' అని మేనేజరు అడిగితే 'ఆబ్వియస్లీ' అనడం "అదీ అడగాలా?" అని ఎదురు ప్రశ్న వేయడమే. 'యెస్, ఐ సెంట్ ఇట్ దిస్ మార్నింగ్' అంటే మర్యాదా ఉంటుంది, ఎప్పుడు పంపారో కూడా తెలుస్తుంది. తెలుగులో "మరి!" అన్న జవాబును మనం ఎవరితో అంటామో ఆలోచించండి. చెల్లితో అంటాం, క్లాస్‌మేట్‌తో అంటాం. "మందులు వేసుకున్నావా?" అని తాతయ్య అడిగితే "వేసుకున్నాను తాతయ్యా" అంటామే గానీ "మరి!" అని ఊరుకోం. 'ఆబ్వియస్లీ'నీ ఆ లెక్కనే వాడుకోండి.

పోనీ 'ఆఫ్ కోర్స్' అంటే మర్యాదేగా?

సగం సందర్భాల్లో. ఎవరైనా అనుమతి అడిగినా, సాయం అడిగినా 'ఆఫ్ కోర్స్' చక్కని జవాబు. 'కెన్ ఐ టేక్ దిస్ చెయిర్?' అంటే 'ఆఫ్ కోర్స్', అంటే "అయ్యో, తీసుకోండి". అదే ఎవరైనా సమాచారం అడిగితే దాని రంగు మారిపోతుంది. 'డజ్ దిస్ బస్ గో టు సికింద్రాబాద్?' అన్న కొత్త మనిషికి 'ఆఫ్ కోర్స్' అని బదులిస్తే "ఆ మాత్రం తెలీదా" అని వినిపిస్తుంది. అక్కడ 'యెస్, ఇట్ డజ్' చాలు. మన వాళ్లు విదేశాల్లో ఎంతో ఆదరంగానే 'ఆఫ్ కోర్స్' అంటారు, ఎదుటివాళ్లు చిన్నబుచ్చుకుంటారు, ఎందుకో ఇద్దరికీ అర్థం కాదు. కాబట్టి అడిగింది వస్తువో సాయమో అయితే 'ఆఫ్ కోర్స్', అడిగింది సంగతైతే 'యెస్'.

'అపారెంట్లీ' కూడా ఇదేనా?

కాదు. ఈ రెండింటినీ కలపకండి. ఈనాటి వాడుకలో 'అపారెంట్లీ' అంటే "అలా ఉందని విన్నాను", "చూడబోతే అలా ఉంది" అని. దానికి తెలుగులో అచ్చంగా సరిపోయేది ఒక్క ప్రత్యయం: 'ట'. 'అపారెంట్లీ, హీ హాజ్ రిజైన్‌డ్' అంటే "రాజీనామా చేశాడట." 'ఆబ్వియస్లీ, హీ హాజ్ రిజైన్‌డ్' అంటే "రాజీనామా చేశాడని తెలుస్తూనే ఉందిగా, బల్ల ఖాళీ చేశాడు." విన్న కబురుకు ఆబ్వియస్లీ తగిలిస్తే ఆ కబురుకు మీరు పూచీ పడ్డట్టే. రేపు అది అబద్ధమని తేలితే మాట మీ మీదకే వస్తుంది.

తికమకకు కారణం లేకపోలేదు. 'అపారెంట్' అన్న విశేషణానికి 'కళ్లెదుట కనబడేది' అన్న పాత అర్థం కొన్ని చోట్ల ఇంకా బతికే ఉంది. 'ఎయిర్ అపారెంట్' అంటే వారసుడని పుకారు ఉన్నవాడు కాదు, ఇతనే వారసుడని అందరూ ఎరిగినవాడు. మన కోర్టుల్లో అయితే ఈ పాత అర్థం రోజూ వాడుకలోనే ఉంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 47వ ఆర్డరు తీర్పు పునఃసమీక్షకు సంబంధించినది. సమీక్ష కోరడానికి అది చెప్పే కారణాల్లో ఒకటి 'ఎర్రర్ అపారెంట్ ఆన్ ద ఫేస్ ఆఫ్ ద రికార్డ్', అంటే రికార్డు చూడగానే కంటికి కొట్టే తప్పు. పేజీలకు పేజీలు తర్కం నడిపి నిరూపించాల్సి వస్తే దాన్ని అలాంటి తప్పు అనలేమని సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది. లా చదివే విద్యార్థులు 'అపారెంట్'ను 'అట'లా చదివితే ఇక్కడ అర్థం తలకిందులవుతుంది.

'క్లియర్లీ', 'ఎవిడెంట్లీ', 'పేటెంట్లీ' మాటేమిటి?

'క్లియర్లీ' ఆబ్వియస్లీకి బాగా దగ్గర, కాస్త మెత్తన. రాతలో ఏది వాడాలో తోచనప్పుడు ఇదే మేలు. 'ఎవిడెంట్లీ' అన్నప్పుడు ఆనవాళ్లు చూసి ఊహించిన వాసన ఉంటుంది: నేల తడిగా ఉంది, 'ఇట్ ఎవిడెంట్లీ రెయిన్‌డ్ లాస్ట్ నైట్', "రాత్రి వాన పడినట్టుంది." 'పేటెంట్లీ' సాధారణంగా చెడ్డ సంగతులకే వస్తుంది: 'పేటెంట్లీ ఫాల్స్' అంటే పచ్చి అబద్ధం. 'మ్యానిఫెస్ట్లీ' ఇళ్లలో వినబడదు, కోర్టుల మాట. 2017లో ట్రిపుల్ తలాక్ తీర్పులో బాగా వినిపించిన 'మ్యానిఫెస్ట్ ఆర్బిట్రరీనెస్' (చూడగానే తెలిసిపోయే ఇష్టారాజ్యం) అన్న సూత్రంలోని మ్యానిఫెస్ట్ ఇదే కుటుంబం. 'నేచురల్లీ' అంటే మన 'సహజంగానే'.

క్రికెటర్లు ప్రతి వాక్యానికీ ముందు 'ఆబ్వియస్లీ' అంటారెందుకు?

ఆట చూసిన లక్షలమందికి తెలిసిందే వాళ్లు మళ్లీ చెప్పాలి కాబట్టి. 'ఆబ్వియస్లీ, వీ వర్ ట్వంటీ రన్స్ షార్ట్.' ఇరవై పరుగులు తక్కువైన సంగతి చూసినవాళ్లందరికీ తెలుసు, అడిగిన వ్యాఖ్యాతకూ తెలుసు. కొత్త సంగతి చెబుతున్నట్టు నటించకుండా, "మీరు చూసిందే" అని ముందుగా ఒప్పుకోవడం అది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల ఇంటర్వ్యూల్లోనూ ఇదే అలవాటు ఎప్పటి నుంచో ఉంది. ఊపిరి తీసుకుని మాట వెతుక్కోవడానికి ఓ క్షణం దొరుకుతుంది కూడా. ఆడి ఆడి అలసిన మనిషి మీద దానికోసం విరుచుకుపడక్కర్లేదు.

మనం మాత్రం దాన్ని అరువు తెచ్చుకుని ఇంటర్వ్యూల్లో వాడకూడదు. వీసా ఆఫీసరు 'వై దిస్ యూనివర్సిటీ?' అని అడిగితే 'ఆబ్వియస్లీ, ఫర్ ద రాంకింగ్' అని మొదలుపెట్టడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. అతనికి మీ కారణం తెలియదు, తెలుసుకోవడానికే అడిగాడు. అక్కడ చెప్పాల్సింది ఏ కోర్సు, ఏ ల్యాబ్, ఎందుకు అన్నది.

పరీక్ష వ్యాసాల్లో, రిపోర్టుల్లో వాడొచ్చా?

తగ్గించండి. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ వ్యాసాల్లో మీ పని ఒక అభిప్రాయాన్ని కారణాలతో నిలబెట్టడం. 'ఆబ్వియస్లీ, సోషల్ మీడియా ఈజ్ హార్మ్‌ఫుల్' అని రాసిన చోట కారణం రాయాల్సిన చోటును ఆ మాట ఆక్రమించుకుంటుంది. దాన్ని కొట్టేసి, 'బికాజ్' పెట్టి పూర్తి చేయడానికి ప్రయత్నించండి. పూర్తయితే మీ వాక్యం బలపడింది. పూర్తి కాకపోతే ఆ అభిప్రాయానికి మీ దగ్గర ఆధారం లేదని మీకే తెలిసింది. అమెరికన్ తత్వవేత్త డేనియల్ డెనెట్ 'షూర్లీ' అన్న మాట గురించి ఇలాంటి సలహానే ఇచ్చాడు: వాదనలో ఆ మాట కనబడిన చోట ఆగి చూడండి, బలహీనమైన అతుకు తరచూ అక్కడే ఉంటుంది అని.

ఒక వాడుక మాత్రం వ్యాసంలోనూ బాగుంటుంది. ఎదుటివాళ్లు లేవనెత్తబోయే అభ్యంతరాన్ని ముందే ఒప్పుకోవడం: 'ఆబ్వియస్లీ, సోలార్ పంప్స్ కాస్ట్ మోర్ ఎట్ ఫస్ట్, బట్…' "మొదట్లో ఖర్చు ఎక్కువే, కాదనను, కానీ…" ఇక్కడ ఆ మాట చదివేవాడి పక్షాన మాట్లాడుతోంది కాబట్టి ఎవరికీ నొప్పి ఉండదు.

లెక్కల్లో, సైన్సు పుస్తకాల్లో 'ఆబ్వియస్లీ' అని ఉంటే నాకు తెలివి తక్కువనా?

కానే కాదు. ఈ ప్రశ్న అడిగే పిల్లలను చూస్తే నాకు బాధగా ఉంటుంది. అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

నథానియెల్ బౌడిచ్ అనే అమెరికన్, ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ రాసిన ఖగోళ యాంత్రిక శాస్త్రాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1773లో పుట్టిన బౌడిచ్ చిన్నప్పుడే బడి మానేసి సొంతంగా చదువుకున్నవాడు, ఓడల వాళ్లకు దారి లెక్కలు నేర్పినవాడు. 'దీన్నిబట్టి ఇది తేటగా కనబడుతోంది' అని లాప్లాస్ రాసిన చోటుకు వచ్చినప్పుడల్లా తనకు గంటల కొద్దీ శ్రమ తప్పదని తెలిసిపోయేదని బౌడిచ్ చెప్పుకున్నాడు. ఆ మధ్యలో వదిలేసిన మెట్లన్నీ తానే కట్టి, వివరణలుగా అనువాదంలో చేర్చాడు. అంతటి గ్రంథాన్ని అనువదించగలిగినవాడికే అది 'తేటగా' కనబడలేదు.

పుస్తకంలో 'ఆబ్వియస్లీ' అని ఉంటే మామూలుగా దాని అర్థం "ఈ మెట్టు ఇక్కడ రాయడం లేదు" అని. రాసినవాడు ఆ దారిన వందసార్లు నడిచాడు, మీరు మొదటిసారి నడుస్తున్నారు. కాబట్టి ఆ మాట కనబడిన చోట పెన్సిల్‌తో గీత గీసి, పక్కన ఆ మెట్టు మీరే రాయండి. రెండు వరుసల్లో తేలితే సంతోషం. రెండు పేజీలు పడితే, ఆ పుస్తకంలో మీరు నిజంగా నేర్చుకున్నది ఆ రెండు పేజీలే.

పాఠం చెప్పేవాళ్లకు ఒక విన్నపం. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో వెనక బెంచీలో కూర్చున్న అమ్మాయికి పాఠం అర్థం కావడమే ఒక పని, పరాయి భాషలో ప్రశ్న కూర్చుకోవడం ఇంకో పని. ఆ రెండూ చేసుకుని చెయ్యెత్తబోయే క్షణంలో మీరు 'ఆబ్వియస్లీ' అంటే ఆ చెయ్యి లేవదు. తెలిసిందే అన్నదాన్ని అడిగి నలుగురిలో నవ్వులపాలవడం ఎందుకనుకుంటుంది. ఆ సెమిస్టరంతా మళ్లీ అడగదు. బోర్డు ముందు ఆ మాట అనకుండా "ఇది ఎందుకు నిజమో ఎవరైనా చెబుతారా?" అని అడిగి చూడండి. సమయం కొంచెం పడుతుంది, పట్టనివ్వండి.

పేటెంట్ చట్టంలో కూడా 'ఆబ్వియస్' ఉందంటారు, నిజమేనా?

ఉంది. అక్కడ ఆ మాట మీద కోట్ల రూపాయల వ్యాజ్యాలు నడుస్తాయి. 1970 నాటి భారత పేటెంట్ల చట్టంలో, తర్వాతి సవరణల్లో చేరిన నిర్వచనం ప్రకారం, ఒక ఆవిష్కరణకు పేటెంట్ రావాలంటే అది ఆ రంగంలో ఆరితేరిన మనిషికి 'ఆబ్వియస్' కాకూడదు. అమెరికా చట్టంలో ఈ షరతు 1952 నుంచి 103వ సెక్షన్‌గా ఉంది. ఎవరికి ఆబ్వియస్ అన్నదాన్ని చట్టం గాలికి వదల్లేదు. వీధిలో పోయేవాడికి కాదు, మహామేధావికీ కాదు, ఆ పని తెలిసిన మనిషికి అని ఒక కొలత పెట్టింది. హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ఇది నిత్యం ఎదురయ్యే ప్రశ్నే: తెలిసిన మందుకు ఉప్పు (సాల్ట్) రూపం మార్చడం ఆ పని తెలిసిన కెమిస్టుకు తట్టే విషయమా, కాదా? మన మాటల్లోనూ 'ఎవరికి?' అని చట్టం అడిగినట్టే అడుక్కుంటే ఎన్నో ఆబ్వియస్లీలు నోట్లోనే ఆగిపోతాయి.

'ఆబ్వియస్' అనే విశేషణంతో గుర్తుంచుకోవాల్సినవి ఉన్నాయా?

కొన్ని. 'ఆబ్వియస్ టు మీ' అనాలి, 'ఫర్ మీ' కాదు. 'ఫర్ ఆబ్వియస్ రీజన్స్' అంటే "కారణం వేరే చెప్పనక్కర్లేదు" అని, కారణం బయటికి అనడం ఇష్టం లేనప్పుడు కూడా మర్యాదగా తప్పుకోవడానికి పనికొస్తుంది. 'స్టేటింగ్ ద ఆబ్వియస్' అంటే అందరికీ తెలిసిందే చెప్పడం. 'ఇట్ ఈజ్ ఆబ్వియస్లీ' అని వాక్యం మధ్యలో ఆపేయకండి, ఒప్పుకోవాలంటే 'ఆబ్వియస్లీ, ఇట్ ఈజ్' అనండి.

తెలుగులో మాట్లాడుతూ 'ఆబ్వియస్లీ' అంటే తప్పా?

తప్పని నేను అనను. నాలుగు భాషల మధ్య బతికేవాళ్ల నోట మాటలు అటూ ఇటూ నడుస్తాయి. కానీ ఇంట్లో పిల్లలు "ఆబ్వియస్లీ అమ్మా" అన్నప్పుడు, దానితోపాటు 'ఎలాగూ', 'సరేసరి', 'వేరే చెప్పాలా' కూడా వాళ్ల చెవిన పడేలా చూడండి. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పెరిగే తెలుగు పిల్లలకు ఇవి వ్యాకరణం క్లాసులో దొరకవు. అమ్మమ్మతో ఫోన్‌లో మాట్లాడినప్పుడే దొరుకుతాయి.

మీటింగులో ఎవరో 'ఆబ్వియస్లీ' అన్నారు, నాకు అర్థం కాలేదు. ఏం చేయాలి?

అడగండి. అర్థం కానివాళ్లు మీరొక్కరే అయ్యుండకపోవచ్చు. క్షమాపణతో మొదలుపెట్టక్కర్లేదు. 'దట్ స్టెప్ ఈజంట్ ఆబ్వియస్ టు మీ. కుడ్ యూ టేక్ మీ త్రూ ఇట్?' అనండి. ఇందులో 'టు మీ' ఉంది కాబట్టి ఎవరినీ తప్పుపట్టినట్టు ఉండదు. 'దట్ స్టెప్' అనడం వల్ల మిగతాదంతా మీరు అందుకున్నారనీ, ఈ ఒక్క చోటే ఆగారనీ వాళ్లకు తెలుస్తుంది. మెయిల్‌లో అయితే ఏ వాక్యమో ఎత్తి రాసి, 'వాట్ మేక్స్ దిస్ ఫాలో?' (ఇది దేన్నిబట్టి వచ్చింది?) అని ఒక్క ముక్క చేర్చండి. నోరు తిరిగేదాకా రెండు వాక్యాలనూ ఇంట్లో నాలుగుసార్లు గట్టిగా అనుకోండి. మొదటి వాక్యంలో 'ఆబ్వియస్' దగ్గర ఒత్తు 'ఆబ్' మీద పడాలి.